బుల్లెట్‌కు మూడో చక్రం: కుక్కలకు నేల, అమ్మకు సీటు

దసరా వెళ్లిన వారం

బండి 2012 నాటి బుల్లెట్ ఎలక్ట్రా ట్విన్‌స్పార్క్. 346 సీసీ, ఇరవైకి కాస్త తక్కువ హార్స్‌పవర్. దాని ఎడమ పక్కన సైడ్‌కార్, అంటే సొంత చక్రమున్న ఒక తొట్టి, తగిలించాలి. అందులో ఎక్కాల్సిన వాళ్లు ముగ్గురు. అమ్మ 58 కిలోలు. రెండు మోకాళ్లూ అరిగిపోయి కాలెత్తి వెనక సీటు ఎక్కలేదు, ఆటో ఎక్కాలన్నా చెయ్యి అందివ్వాలి. బర్ఫీ ల్యాబ్రడార్, 32 కిలోలు. చుక్క హైదరాబాద్‌లో మా సైనిక్‌పురి సందులోనే పుట్టిన నాటుది, 18 కిలోలు, దేన్నీ తొందరపడి నమ్మదు.

కారు కొనచ్చు కదా అని అడిగేవాళ్లకు జవాబు: మా సందులో కారు నిలపడానికి ఉన్న ఒక్క చోటులో మేనమామ కారు ఉంది, ఆయన దాన్ని తీయడు.

చేతక్ స్కూటర్లకు తగిలించే సైడ్‌కార్లు ఈ ఊళ్లో ఒకప్పుడు బాగానే తిరిగేవి. అలాంటి పాతది ఒకటి అమ్మకానికి ఉందంటే పోయి చూశాను. మనిషి కూర్చోవడానికి పేరు పెట్టేందుకు లేదు. కాని తొట్టి మొత్తం సీటే. కుక్క ఎక్కితే రెక్సిన్ మీద కాళ్లు జారతాయి, మెత్త ఎత్తు వల్ల అంచు దాని ఛాతీ కిందికే వస్తుంది, ఒక్క గంతేస్తే రోడ్డు మీద ఉంటుంది. బయట చేయించుకున్నవి కూడా చాలావరకు ఇంతే: ముందు సీటు ఊహించి దాని చుట్టూ రేకు కప్పుతారు. నేను తిరగేసి పెట్టుకున్నాను. ముందు నేల. చదునుగా, వీలైనంత కిందికి. దాని మీద మడిచి గోడకు నిలబెట్టగలిగే సీటు. లోపలి వెడల్పు 60 సెంటీమీటర్లు, పొడవు 150. నేల భూమికి 26 సెంటీమీటర్ల ఎత్తున. ఇంకా దించొచ్చు, కాని మన కాలనీల స్పీడ్ బ్రేకర్లు ఒప్పుకోవు.

అమ్మకు కాగితం మీద గీసి చూపించాను. "అంటే నన్ను కుక్కల బండిల కూసోబెడ్తవన్నమాట" అంది. వద్దనలేదు కాబట్టి సరేనన్నట్టే.

రాణీగంజ్, పుత్లీబౌలీ

రాణీగంజ్‌లో పైపుల కొట్టాయన "గేటుకా, షెడ్డుకా?" అని అడిగాడు. బండికి అంటే పల్చటి ఫర్నిచర్ పైపు తీసి ముందు పెట్టాడు. అంగుళంన్నర గుండ్రటి పైపు, మూడు మిల్లీమీటర్ల మందం కావాలని పట్టుబట్టి తెచ్చుకున్నాను. సైడ్‌కార్ చట్రం మీద బరువు కిందికి మాత్రమే పడదు. బండి ఆగిన ప్రతిసారీ, మలుపు తిరిగిన ప్రతిసారీ అది మెలి తిరుగుతుంది. మెలికకు గుండ్రటి పైపే ఓర్చుకుంటుంది, చదరపు సెక్షన్ వెల్డింగ్‌కు సులువు అంతే.

చక్రం కోసం పుత్లీబౌలీ. కావాల్సింది పాత బజాజ్ చేతక్ ముందు భాగం: హబ్బు, డ్రమ్ము, లింకు, షాకబ్జర్ అన్నీ కలిపి. మోటార్‌సైకిల్ చక్రానికి ఇరుసు రెండు పక్కలా పట్టు అడుగుతుంది. స్కూటర్ ముందు చక్రాన్ని ఒకే పక్క నుంచి పట్టుకుంటారు. సైడ్‌కార్‌కు కావాల్సింది అదే, చట్రం ఒక పక్కే ఉంటుంది కాబట్టి. పైగా డ్రమ్ము బ్రేకు కేబుల్‌తో పనిచేస్తుంది, దాన్ని తర్వాత వాడుకోవచ్చు. టైరు 3.50-10, ఏ ఊళ్లో పంక్చరైనా ట్యూబు దొరుకుతుంది. రిమ్ము రెండు ముక్కలు కాబట్టి విప్పి వేసుకోవడం చేతి పని.

చక్రం ఎక్కడ పెట్టాలన్నది చాలామంది పట్టించుకోరు. సైడ్‌కార్ ఇరుసు బండి వెనక ఇరుసుకు సరిగ్గా వరసలో ఉండకూడదు, కొంచెం ముందుకుండాలి. వరసలో ఉంటే కుడి మలుపులో సైడ్‌కార్ మూతి కిందికి కుంగుతుంది. మరీ ముందుకు జరిపితే హ్యాండిల్ బరువెక్కుతుంది, టైర్లు గీసుకుపోతాయి. నా బండి ముందు వెనక చక్రాల మధ్య దూరం 1370 మిల్లీమీటర్లు. అందులో ఏడో వంతు, అంటే 200 మిల్లీమీటర్లు ముందుకు పెట్టాను. బండి చక్రాల గీత నుంచి సైడ్‌కార్ చక్రానికి అడ్డంగా 112 సెంటీమీటర్లు.

దీపావళికి ముందు

మౌలాలీ దగ్గర షెడ్డులో వెల్డింగ్ పని చేసే భాయ్ నా బొమ్మ చూసి "ఆద్మీ కోసమా సాబ్, కుత్తా కోసమా?" అన్నాడు. ఇద్దరికీ అంటే పెన్సిల్ చెవి మీంచి తీశాడు. ఆ తర్వాత పని గురించి తప్ప మాట్లాడలేదు.

బుల్లెట్‌తో చిక్కు ఏమిటంటే ఇంజిన్ కింద ఫ్రేము పైపులు ఉండవు. ముందు నుంచి ఒక పైపు దిగి ఇంజిన్ దగ్గర ఆగిపోతుంది, అక్కణ్నుంచి ఇంజినే ఫ్రేములో భాగం. సైడ్‌కార్‌ను ఆ ఒంటి పైపుకు క్లాంపు వేసి వేలాడదీస్తే కొన్నాళ్లకు అది మెలి తిరగడం ఖాయం. అందుకే ముందు ఇంజిన్ మౌంటింగ్ బోల్టుల నుంచి వెనక ఫుట్‌రెస్టు పట్టు దాకా ఇంజిన్ కిందుగా ఒక ఉప చట్రం వేశాం. కింది రెండు పట్లు దానికి. పైన ఒకటి హ్యాండిల్ మెడ దగ్గర, ఇంకోటి సీటు కింద. మొత్తం నాలుగు. పై రెండు కడ్డీలకు ఒక కొసన కుడి మర, ఇంకో కొసన ఎడమ మర పెట్టించాను. మధ్యలో తిప్పితే కడ్డీ పొడవు మారుతుంది, బండి వాలు దాంతోనే సరిచేసుకోవాలి. ఆ మరలు కోసిన లేతు బాలానగర్‌లో ఉంది. పన్నెండు మిల్లీమీటర్ల బోల్టులు, గ్రేడు 10.9, నైలాక్ నట్లు. బండి అసలు ఫ్రేము మీద ఒక్క వెల్డింగ్ చుక్క కూడా పడలేదు. ఎనిమిది బోల్టులు తీస్తే బుల్లెట్ మళ్లీ బుల్లెట్టే.

సైడ్ స్టాండు తీసేయాలి, అది ఎడమ పక్కే. గేరు లివరు కూడా ఎడమ పక్కే, కాబట్టి కింది ముందు పట్టు బూటుకు తగలకుండా ముందుకు వంపు తిప్పాం. సైలెన్సర్ కుడి వైపు ఉండటం కుక్కల అదృష్టం. వేడీ పొగా రెండూ అవతలే పోతాయి.

చట్టం సంగతి

ఇది ముందే రాయాల్సిన పేరా, రాయబుద్ధి కాక ఇక్కడికి నెట్టాను. 1988 మోటారు వాహనాల చట్టం సెక్షన్ 2(27)లో మోటార్‌సైకిల్ నిర్వచనంలోనే విడదీయగలిగే సైడ్‌కార్ ఉంది. అంటే వస్తువు చట్టానికి కొత్తది కాదు. కాని సెక్షన్ 52 ప్రకారం ఆర్సీలో రాసిన వివరాలకు తేడా వచ్చేలా బండిని మార్చకూడదు, 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఆ మాటే గట్టిగా చెప్పింది. అందుకని కొలతల బొమ్మ, ఫొటోలు పట్టుకుని ఆర్టీఏలో అడిగాను. అర్జీ పెట్టుకొని, బండి తయారయ్యాక తనిఖీకి తెమ్మన్నారు. బీమా కంపెనీకి కూడా రాసి తెలియజేయాలి, లేకపోతే ఏదైనా జరిగినప్పుడు వాళ్లు మొదట అడిగేది ఆ మూడో చక్రం గురించే. ఆ కాగితం చేతికొచ్చేదాకా నడపడమంతా ప్రైవేటు స్థలంలోనే. ఇంకో లెక్క కూడా ఉంది: 2027లో ఈ బండి రిజిస్ట్రేషన్‌కు పదిహేనేళ్లు నిండుతాయి. రెన్యూవల్ తనిఖీకి సైడ్‌కార్ తగిలించి పోవాలా, తీసి పోవాలా అన్నది అప్పటి మాట.

హెల్మెట్ విషయం అమ్మకు నచ్చలేదు. పాత సెక్షన్ 129లో సైడ్‌కార్‌లో కూర్చున్నవాళ్లకు మినహాయింపు ఉండేది. 2019 సవరణ తర్వాత మోటార్‌సైకిల్ మీద తీసుకెళ్లే నాలుగేళ్లు దాటిన వాళ్లందరికీ హెల్మెట్ ఉండాల్సిందే. సవరణ లేకపోయినా పెట్టించేవాణ్ని. "కుక్కలకు లేదా మరి?" అంది. సెక్షన్‌లో మనుషులనే రాశారని చెప్పాను.

కార్తీకంలో, మట్టాలు

ఈ పనికి తొందర కూడదు. కాంక్రీటు చదునుగా ఉన్న చోటు కావాలి; మా పక్కింటి సెల్లారు దొరికింది.

సైడ్‌కార్ చక్రం బండి చక్రాలకు సమాంతరంగా ఉంటే బండి ఎప్పుడూ ఎడమకే లాగుతుంది. దాని ముందు భాగం కాస్త లోపలికి, బండి వైపు తిరిగి ఉండాలి. కొలిచే పద్ధతి సులువు. మేస్త్రీలు వాడే పొడుగాటి అల్యూమినియం పట్టీలు రెండు తీసుకొని, ఒకటి బండి రెండు టైర్లకు ఆనించి, ఇంకోటి సైడ్‌కార్ టైరుకు ఆనించి, ఇటుకల మీద ఒకే ఎత్తున పెట్టాలి. ముందు టైరుకు ముందుగా ఒక కొలత, వెనక టైరుకు వెనగ్గా ఒక కొలత. ముందుది ఎంత తక్కువుంటే అంత లోపలి తిరుగుడు. బుల్లెట్ ముందు టైరు వెనకదాని కంటే సన్నం కాబట్టి పట్టీకి దానికి మధ్య సందు వస్తుంది, ఆ తేడాలో సగం మందమున్న ముక్క పెట్టాలి. 15 మిల్లీమీటర్ల దగ్గర మొదలుపెట్టాను, చివరకు 18 దగ్గర నిలిచింది. ఎక్కువైతే ఎలా తెలుస్తుందంటే, సైడ్‌కార్ టైరు అంచున రబ్బరు ఈకలు ఈకలుగా లేస్తుంది.

రెండోది వాలు. బండి నిటారుగా కాక సైడ్‌కార్‌కు అవతలి వైపు, మనకైతే కుడికి, కొద్దిగా వాలి ఉండాలి. మన రోడ్లు నడి గీత నుంచి ఎడమ అంచుకు జారుగా ఉంటాయి, సైడ్‌కార్‌లో బరువు పడితే ఆ పక్క స్ప్రింగు కూడా కుంగుతుంది. రెండూ కలిసి బండిని ఎడమకు వంచుతాయి. ముందే కుడికి వాల్చి పెడితే నడిచేటప్పుడు నిటారుకు వస్తుంది. దారానికి గుండు కట్టి వెనక రిమ్ము పక్కన వేలాడదీశాను. రిమ్ము పై అంచుకు, కింది అంచుకు 8 మిల్లీమీటర్ల తేడా అంటే దాదాపు ఒక డిగ్రీ.

ఈ కొలత ఖాళీ బండి మీద తీస్తే పనికిరాదు. అమ్మ బదులు రెండు సోనా మసూరి సంచులు ఎక్కించాను. 2022 జూలైలో పాతిక కిలోల దాకా ఉన్న ప్యాకెట్ల మీద జీఎస్టీ వేసినప్పటి నుంచి మన దగ్గర బియ్యం 26 కిలోల సంచుల్లో వస్తోంది. రెండు సంచులు 52, మీద ఒక ఆరు కిలోల పిండి. అమ్మ లెక్క సరిపోయింది.

కాంటా దగ్గర

బియ్యం సంచికి, కుక్కకు ఒకటే తేడా. సంచి పెట్టిన చోట ఉంటుంది.

కుషాయిగూడలో పాత ఇనుము కొనే కొట్టులో పెద్ద డిజిటల్ కాంటా ఉంది. బండిని ట్రాలీ ఆటోలో వేసుకుపోయి, ఒక్కో చక్రం కాంటా మీద, మిగతావి అదే ఎత్తున చెక్కల మీద పెట్టి తూకం చూశాం. చట్రం, తాత్కాలిక ప్లైవుడ్ నేల, కొలత కోసం నిలబెట్టిన రేకు కలిపి సైడ్‌కార్ 82 కిలోలు. అందులో సైడ్‌కార్ చక్రం మీద పడేది 45 మాత్రమే, మిగతాది బండి మోస్తోంది.

ఈ 45 అన్న అంకే ఎడమ మలుపులో ప్రాణం. ఎడమకు తిరిగేటప్పుడు బరువంతా కుడికి తోస్తుంది, సైడ్‌కార్ చక్రం లేవాలని చూస్తుంది. దాన్ని నేలకు అదిమి పట్టేది ఆ 45 కిలోలే. నేనొక్కణ్నే ఎక్కి, సైడ్‌కార్ ఖాళీగా, ఎనిమిది మీటర్ల వ్యాసార్థం ఉన్న మలుపు తిరిగితే లెక్క ప్రకారం గంటకు 17 కిలోమీటర్ల దగ్గరే చక్రం లేస్తుంది. హైదరాబాద్‌లో ఫ్రీ లెఫ్టును ఎవరైనా 17లో తీసుకుంటారా? వెనక ఆటోవాడు హారన్‌తోనే తోసేస్తాడు.

అందుకే బరువు కట్టాను. జిమ్ములో వాడే పది కిలోల ఇనుప ప్లేట్లు రెండు, నేల కింద, ఎడమ అంచున, చక్రానికి దగ్గరగా, బోల్టుతో. ఎంత అంచున ఉంటే అంత ఫలం. ఆ ఇరవై కిలోలతో చక్రం మీద బరువు 62కు వచ్చింది, లేచే వేగం 19కి జరిగింది. పెద్దగా పెరగలేదు కదా అనిపిస్తుంది. నిజమే, ఖాళీ సైడ్‌కార్‌తో ఎడమ మలుపు ఎప్పుడూ నెమ్మదే. ఒళ్లు ఎడమకు వాల్చి తీసుకోవాలి. దానికి మందు లేదు.

తర్వాత ప్లేట్లు తీసి కుక్కల్ని ఎక్కించాం. ఇద్దరూ నేల మధ్యలో కూర్చున్నప్పుడు కాంటా 71 చూపించింది. అంతలో కొట్టు కుర్రాడు కుడి పక్కన టిఫిన్ డబ్బా తెరిచాడు. బర్ఫీ లేచి బండి వైపు అంచుకు వచ్చి నిలబడింది. అంకె 62. అడుగున్నర కూడా జరగలేదు, తొమ్మిది కిలోలు మాయం. కొట్టాయన "ఏంది సార్, మీ కాంటా బరువు తింటోంది" అని నవ్వాడు. కాంటా ఆయనదే.

నేనిక ప్రతి బిగింపూ ఆ తొమ్మిది కిలోల కోసమే ఆలోచించాను. కుక్క బరువెంత అన్నది రెండో ప్రశ్న, ఎంత దూరం జరగగలదు అన్నది మొదటిది.

కొక్కేలు

కట్టు మెడ పట్టీకి వేయకూడదు. కుక్క అంచు దాటి జారితే అది ఉరి. ఛాతీ మీదుగా వచ్చే హార్నెస్, వీపు మీద కొక్కెం, అక్కడి నుంచి నేలలోని కంటికి, అంటే ఇనుప రింగుకు, పొట్టి పట్టీ. నేలలో రెండు కళ్లు, రెండూ చట్రం పైపుకే వెల్డింగ్. ప్లైవుడ్‌కు స్క్రూ వేస్తే బర్ఫీ ఒక్క గుంజుకు పీకేస్తుంది. పట్టీ పొడవుకు నా కొలత: కూర్చోగలగాలి, పడుకోగలగాలి, నిలబడి చుట్టూ చూడగలగాలి, కాని ముందు కాళ్లు రెండూ అంచు మీద పెట్టకూడదు. బర్ఫీకి ఇది 38 సెంటీమీటర్ల దగ్గర తేలింది. చుక్కకు 30. మెలి పడకుండా తిరిగే కొక్కేలు అఫ్జల్‌గంజ్‌లో తాళ్ల కొట్లో దొరికాయి, పశువులకు వాడేవి. పెట్ షాపులో అవే రంగు వేసి నాలుగింతలకు అమ్ముతున్నారు.

మూతి భాగం కుక్కలకు నిషేధం. కుడి మలుపులో బండి ఒరిగేది ముందు చక్రాన్నీ సైడ్‌కార్ చక్రాన్నీ కలిపే గీత మీద. ఆ గీతకు అవతల, మూతిలో, బరువుంటే వెనక చక్రం తేలిపోతుంది. 32 కిలోల కుక్కకు నచ్చే చోటు సరిగ్గా అదే, గాలి ముఖానికి తగులుతుంది కాబట్టి. అడ్డంగా పలక కొట్టి ముందు భాగాన్ని డిక్కీ చేశాను: నీళ్ల సీసా, రెయిన్ కోటు, పాత దుప్పటి. అంతకంటే బరువైనది ఏదీ వేయను.

ముక్కోటి ఏకాదశి నాటికి: తొట్టి, సీటు

రేకు 1.2 మిల్లీమీటర్లు, డెంటర్ చేతి పని. నేలకు పన్నెండు మిల్లీమీటర్ల మెరైన్ ప్లైవుడ్, కింద షీటు పైకప్పుల కింద వేసే ఫోము, పైన గీతలున్న రబ్బరు మ్యాటు. నాలుగు మూలలా నీళ్లు పోవడానికి కన్నాలు. కుక్కల బండిని కడగకుండా వారం దాటించలేం.

సీటు దగ్గర అమ్మ మోకాళ్లకు, బండి స్థిరత్వానికి తగాదా వచ్చింది. మోకాళ్లు బాగాలేని మనిషికి సీటు ఎత్తుగా ఉండాలి, కిందికి కూర్చుంటే లేవలేరు. బండికేమో బరువు ఎంత కిందుంటే అంత మంచిది. అమ్మ ఇంట్లో కూర్చునే కుర్చీ ఎత్తు 43 సెంటీమీటర్లు. నేను గీసుకున్నది 25. ఇటుకలు పేర్చి, దిండు వేసి, అమ్మను కూర్చోబెట్టి లేపి చూస్తే 32 దగ్గర ఒప్పుకుంది, అదీ పట్టుకోవడానికి కడ్డీ ఉంటేనే అని. కడ్డీ కుడి వైపు గోడకు, భుజం ఎత్తున పెట్టాం. ఎడమ పక్క చక్రం మడ్‌గార్డుకు ముందు నేల మట్టం దాకా తలుపు కోశాం. ముందు వీపు తిప్పి కూర్చొని, తర్వాత కాళ్లు లోపలికి తీసుకోవాలి. "ఇది ఆటో కంటె నయమే" అంది. ఇంతకంటే పొగడ్త అమ్మ నోట రాదు.

సీటు ఇరుసు గీతకు దాదాపు పైనే ఉంది. బేసుకు వెనక బద్దలు, ముందు రెండు మడత కాళ్లు, రెండు పిన్నులు. పిన్నులు లాగితే సీటు పైకి మడిచి వీపు పలకకు అతుక్కుంటుంది, నేల మొత్తం ఖాళీ. కాబట్టి రెండే అమరికలు: సీటు ఎత్తి రెండు కుక్కలు, లేదా సీటు దించి అమ్మ, ఆమె కాళ్ల ముందు చుక్క. అమ్మా బర్ఫీ కలిసి మాత్రం కాదు. చోటు చాలక కాదు. వాడు అమ్మ ఒళ్లో తల పెట్టి, తర్వాత ఛాతీ పెట్టి, చివరకు మొత్తం ఎక్కేస్తాడు. వెనక సీటు మీద అప్పుడు ఎవరూ ఉండరు, బుల్లెట్‌కు ఉన్న ఇరవై గుర్రాలకు ఇదే బరువు.

గేరుబాక్సు వైపు పళ్ల చక్రం ఒక పన్ను తక్కువది వేయించాను. పైవేగం తగ్గింది, మొదటి గేరులో కదలడం సులువైంది. లైట్ల సామాను ట్రూప్ బజార్‌లో: ఎడమ అంచున ముందు తెల్లది, వెనక ఎర్రది, ఇండికేటరు. బండి ఎడమ ఇండికేటర్లను తొట్టి కప్పేస్తుంది కాబట్టి ఇవి లేకుండా బయటికి పోకూడదు.

సంక్రాంతి సెలవులు

సంక్రాంతికి ఊరు సగం ఖాళీ అవుతుంది. కీసర వైపు తెలిసినవాళ్ల వెంచర్ ఒకటి ఉంది. ప్లాట్లు అమ్ముడుపోయాయి, ఇళ్లు లేవు, తారు రోడ్లు మాత్రం నిగనిగలాడుతున్నాయి. ఓనరును అడిగి గేటు తీయించుకున్నాం.

మొదట బియ్యం సంచులతో. మోటార్‌సైకిల్ నడిపిన అలవాటు ఇక్కడ అడ్డం వస్తుంది. ఒళ్లు వాల్చితే బండి తిరగదు, హ్యాండిల్‌ను తోపుడు బండిలా చేతుల్తో తిప్పాలి. యాక్సిలరేటర్ ఇస్తే ఎడమకు పోతుంది, ఎందుకంటే తోసే చక్రం కుడి పక్క, లాగే బరువు ఎడమ పక్క. వదిలేస్తే కుడికి వస్తుంది. బ్రేకు వేస్తే ఇంకా కుడికి, అంటే ఎదురొచ్చే బండ్ల వైపు. ఇది ఊరుకునే విషయం కాదు. చేతక్ డ్రమ్ము బ్రేకుకు వెనక బ్రేకు పెడలు నుంచి కేబుల్ లాగి, మధ్యలో ఒక తూకపు లివరు పెట్టాం. సైడ్‌కార్ బ్రేకు వెనకదాని కంటే ఒక పిసరు ఆలస్యంగా పట్టాలి. ముందే పడితే ఖాళీ తొట్టి చక్రం జారిపోయి బండి ఎడమకు తిరుగుతుంది.

ముప్పై దగ్గర హ్యాండిల్ అటూ ఇటూ వణికింది. సైడ్‌కార్ బండ్లకు ఇది మామూలే, చేతులు గట్టిగా పట్టుకుంటే ఆగుతుంది. కాని అమ్మ కూర్చున్నప్పుడు నా చేతుల బలం మీద ఆధారపడదలచుకోలేదు. హ్యాండిల్ వణుకును అణిచే స్టీరింగ్ డ్యాంపర్ వేశాక పోయింది.

తర్వాత కుక్కల బదులు ఇరవై లీటర్ల నీళ్ల క్యాను. సగం నింపి, మూత బిగించి, కట్టకుండా నేల మీద పడుకోబెట్టాను. మలుపు తిరిగితే అది దొర్లుతుంది, లోపల నీళ్లు ఆలస్యంగా దొర్లుతాయి. కుక్క చేసే పని ఇదే. ఎడమ మలుపులో క్యాను కుడి గోడకు కొట్టుకున్న క్షణంలో చక్రం తేలికయ్యేది సీటులోనే తెలిసింది. అదే క్యానును 38 సెంటీమీటర్ల పట్టీతో కట్టాక ఆ కుదుపు లేదు. సైడ్‌కార్ చేయించుకునేవాళ్లు ఎవరైనా సరే, కుక్కను ఎక్కించే ముందు ఈ క్యానుతో ఒక పూట తిప్పి చూడండి.

స్పీడ్ బ్రేకరు ఇక మూడు దెబ్బలు: ముందు చక్రం, సైడ్‌కార్ చక్రం, వెనక చక్రం. గుంతల్లో కూడా అంతే, తప్పించుకోవడానికి మూడు దారులు చూసుకోవాలి.

మాఘమాసం: ఎక్కేవాళ్ల చదువు

బర్ఫీకి నేర్పాల్సిందేమీ లేదు, ఎక్కడం ఆపడమే కష్టం. చుక్క వేరు. తొట్టిని బండి నుంచి విడదీసి వరండాలో పెట్టి, అందులో అన్నం గిన్నె పెట్టాను. మొదట్లో మెడ చాచి తిని కాళ్లు బయటే ఉంచేది. పాత దుప్పటి వేశాక పడుకోవడం మొదలెట్టింది. తర్వాత బండికి తగిలించి, ఇంజిన్ ఆపి. తర్వాత ఇంజిన్ నడుస్తుండగా, బండి కదలకుండా. తర్వాత ఇంజిన్ ఆపి, ఇద్దరం తోస్తూ. శబ్దం, కదలిక రెండూ ఒకేసారి దాని మీద వేయకపోవడమే ఇందులో కిటుకు. ప్రయాణానికి ముందు కొన్ని గంటలు తిండి పెట్టొద్దని డాక్టరు చెప్పారు, వాంతి చేసుకోకుండా.

కళ్లకు దుమ్ము పడకుండా పాలీకార్బొనేట్ అద్దం ముందు పెట్టాం. పగిలినా పెంకులు కాదు. కుక్కల గాగుల్స్ కూడా కొన్నాను. చుక్క పెట్టుకుంటుంది. బర్ఫీ జత నమిలేశాడు.

శివరాత్రి దాటాక

ఎండలు వచ్చేశాయి. కుక్క ఒంటి వేడి మామూలుగానే 38.3 నుంచి 39.2 డిగ్రీలు, మనలా ఒళ్లంతా చెమట పట్టదు, నాలుక బయటపెట్టి రొప్పడమే దానికి దిక్కు. బండి మీద గాలి వీస్తోంది కదా అనుకోవద్దు, నలభై డిగ్రీల గాలి చల్లబరచదు. ఖాళీగా ఎండలో నిలబెట్టిన తొట్టి రేకు పట్టుకుంటే చెయ్యి కాలింది, రబ్బరు మ్యాటు కింద ఫోము వల్ల నేల మాత్రం పర్వాలేదు. అందుకే అమ్మ అడిగిన మెరూన్ రంగు వేయించలేదు, ఐవరీ వేయించాను. అమ్మ రెండు రోజులు మాట్లాడలేదు. పొద్దున ఎనిమిదికి ముందు, లేదా పొద్దుగూకాక. మేలో కుక్కలకు సెలవు.

ఉగాదికి ముందు

వెంచర్‌లో అమ్మను, చుక్కను కలిపి ఎక్కించాను. సీటు దించి, పిన్నులు వేసి, చుక్క అమ్మ కాళ్ల ముందు. ముప్పై దాటలేదు. అమ్మ ఒక చెయ్యి కడ్డీ మీద, ఒక చెయ్యి చుక్క హార్నెస్ మీద. రెండో చుట్టు తిరిగేసరికి "జర తొందరగ పోనియ్" అంది. దిగేటప్పుడు అడిగింది: గుడికి పోతే కుక్కను ఎక్కడ కట్టేయాలి? నాకు తట్టలేదు. కడ్డీకే కట్టేయొచ్చు, నీడలో ఆపితే.

కొండాపూర్‌లో జీహెచ్ఎంసీ 2018లో తెరిచిన కుక్కల పార్కుకు బర్ఫీని తీసుకుపోవాలని ఉంది. ఊరికి ఈ కొస నుంచి ఆ కొస. అవుటర్ రింగ్ రోడ్డు ఎక్కితే తేలిక, కాని దాని మీద టూవీలర్లను రానివ్వరు, మూడో చక్రం తగిలించినా చట్టం లెక్కలో ఇది మోటార్‌సైకిలే. తార్నాక, పంజాగుట్ట మీదుగానే పోవాలి, అదీ ఆదివారం తెల్లారకముందు.

ఆర్టీఏ తనిఖీ ఇంకా కాలేదు. ఈలోపు మిగిలిన పనులు: సైడ్‌కార్ టైరు అంచు అరుగుతోందేమో చూడాలి, పై కడ్డీల నట్లు మళ్లీ బిగించాలి, జూన్ వానలకు ముందు గుడ్డ గుడారం కుట్టించాలి. రాణీగంజ్‌లో లారీలకు టార్పాలిన్ కుట్టే ఆయన ఒప్పుకున్నాడు. కొలతలు అడిగాడు: అమ్మ కూర్చుంటే తల ఎంత ఎత్తు, కుక్క నిలబడితే ఎంత ఎత్తు. అమ్మది కొలిచి రాశాను, హెల్మెట్‌తో కలిపి. బర్ఫీది టేపు పట్టుకుంటే టేపు నోట్లో పెట్టుకుంటున్నాడు, పడుకున్నాక కొలవాలి.